ఖర్చా ఎవరిది? ఖబర్ ఎవరిది?

సమా వినడానికి మూడు షరతులున్నాయని బగ్దాద్ సూఫీ హజ్రత్ జునైద్ చెప్పారంటారు. జమాన్, మకాన్, ఇఖ్వాన్. అంటే సరైన వేళ, సరైన జాగా, సరైన తోడు. జునైద్ 910లో కన్నుమూశారు. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా’లో ఈ మాటను ఎత్తి రాసి, ఒక్కో షరతునూ విడమరిచారు. నమాజ్ వేళకో అన్నం ముందో కూర్చుంటే మనసు పాట మీద ఉండదు. పదిమంది నడిచే దారిలో కూర్చుంటే నిలవదు. పక్కన కూర్చున్నవాడు డాబు కోసం వచ్చినవాడైతే మన ధ్యాసంతా వాడి మీదికే పోతుంది.

ఈ మూడు మాటలు నాకు మళ్లీ గుర్తుకురావడానికి కారణం మా భాంజీ. తనూ, తన ఇద్దరు దోస్తులూ కలిసి ఒక వెబ్‌సైట్ కట్టాలనుకుంటున్నారు. ఏ రోజైనా సరే, హైదరాబాద్‌లో రెండొందల రూపాయల లోపు, వీలైతే పైసా లేకుండా, కళ్లెదుట కూర్చుని పాడేవాళ్ల పాట ఎక్కడ వినొచ్చో అందులో దొరకాలి. వాళ్లు వేసుకున్న నక్షాలో నాలుగు గడులున్నాయి. తేదీ, వేళ, వేదిక, టికెట్. జమాన్ ఉంది, మకాన్ ఉంది. ఇఖ్వాన్‌కు గడి లేదు. దాని బదులు టికెట్ ఉంది. ‘‘మామూ, పాత జమానాలో జనానికి ఎట్లా తెలిసేది? మా సైట్ కోసం ఒక పేజీ రాసివ్వండి’’ అని అడిగింది. రాయడానికి కూర్చుంటే ఒక పేజీలో ఒదగలేదు.

ఈ షహర్ సంగీత చరిత్రను ఘరానాల పేర్లతో రాసినవాళ్లున్నారు, నవాబుల పేర్లతో రాసినవాళ్లున్నారు. నేను మాత్రం రెండే రెండు సవాళ్లు పట్టుకుని వెనక్కి వెళ్లాను. పాడినవాడి ఖర్చా ఎవరు భరించారు? ఆ ఖబర్ వినేవాడి దాకా ఎవరు మోసుకెళ్లారు? ఈ రెంటికీ జవాబు మారినప్పుడల్లా మహెఫిల్ తీరూ మారింది. వినేవాడి జాతకమూ మారింది.

దేవడీ లోపల, గుట్ట కింద

దర్బార్ జమానాలో సంగీతానికి టికెట్ లేదు. అంతమాత్రాన అందరికీ దొరికేదని కాదు. అక్కడ పైసా కన్నా గట్టి తాళం ఇంకొకటి ఉండేది. మీరు ఎవరి మనిషి అన్నదే ఆ తాళం. దేవడీ గుమ్మం దాటగలిగినవాడికి అంతా ముఫ్త్, దాటలేనివాడు లక్ష ఇస్తానన్నా దొరకదు. ఖర్చా అమీర్‌ది. ఖబర్ పంపేదీ అమీరే, తాను పిలవదలచుకున్నవాళ్లకు మాత్రమే.

మహ్ లఖా బాయి చందా ఆ జమానా మనిషి. 1768లో పుట్టి 1824లో పోయింది. షాయిరా, గాయని, నర్తకి. ఉర్దూలో సొంత దీవాన్ ఉన్న తొలి ఔరత్‌లలో ఒకరు. ఆమె ఉస్తాద్ ఖుష్‌హాల్ ఖాన్ అనూప్. 1799లో ఇంగ్లిష్ దొర జాన్ మాల్కమ్‌కు తన కవితల ప్రతిని కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి ఇప్పటికీ లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నిజాం దర్బార్‌లో ఇంత ఇజ్జత్ సంపాదించినా, తన తల్లి రాజ్ కున్వర్ బాయిని సమాధి చేయడానికి ఆమె ఎంచుకున్న జాగా మౌలాలీ గుట్ట కింద. 1792లో అక్కడ గోడ కట్టించింది, బాగ్ వేయించింది, హౌజ్ తవ్వించింది. తర్వాత తానూ తల్లి పక్కనే నిద్రపోయింది.

మౌలాలీ గుట్టకు రజబ్ నెలలో షహర్ షహరంతా కదిలేది. అమీరూ వచ్చేవాడు, పల్లకీ మోసే బోయీ వచ్చేవాడు. దేవడీలో పరదా వెనక ఉండే పాట, గుట్ట కిందికి వస్తే గోడ అవతలివాడికీ వినబడుతుంది. మన ముఫ్త్ సంగీతానికి మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. దర్బార్ దయ తలిచి ఇచ్చింది కాదది. పీర్ల పేరుతో, ఉర్సు పేరుతో జనం ఒకచోట చేరడం వల్ల దొరికింది. మహ్ లఖా మఖ్బరా ఆ తర్వాత చాలా ఏళ్లు చెట్టూచేమా కమ్ముకుని ఉండిపోయింది. అమెరికన్ కాన్సులేట్ ఇచ్చిన సొమ్ముతో 2011 నాటికి మరమ్మతు జరిగింది. ఇప్పుడు పోయి చూడొచ్చు.

చంద్రుడే ఇష్తెహార్

దర్గా దగ్గర ఆ రెండు సవాళ్లకూ జవాబు పూర్తిగా వేరు.

నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఉంది. హజ్రత్ యూసుఫ్, హజ్రత్ షరీఫ్ ఇద్దరూ ఔరంగజేబు ఫౌజ్‌తో దక్కన్‌కు వచ్చినవాళ్లు. 1687లో గోల్కొండ పడిపోయిన నాటి మనుషులు. ఆ దర్గాలో జుమ్మేరాత్ రాత్రి ఖవ్వాలీ ఉంటుంది. ఈ సంగతి చెప్పడానికి పోస్టర్ వేయలేదు, డప్పు కొట్టలేదు. జుమ్మేరాత్ రావడమే ఖబర్. ఉర్సుకు నెలా తారీఖూ ఇష్తెహార్. చాంద్ కనబడిందంటే లెక్క మొదలైనట్టే. సందల్ ఏ రోజో, చిరాగాఁ ఏ రోజో ఇంట్లో బడీఅమ్మీ నోటికి చెప్పేది. అమలాపురం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చే ఫఖీర్‌కు ఎవరూ ఉత్తరం రాయలేదు. అయినా టైముకు దిగిపోయేవాడు.

ఇక్కడే మా పిల్లల కంప్యూటర్‌కు మొదటి చిక్కు వచ్చింది. వాళ్ల కేలెండర్‌లో ‘ప్రతి సంవత్సరం ఇదే తేదీ’ అని ఒక బటన్ ఉంది. దాన్ని నొక్కితే ఉర్సు తప్పిపోతుంది. హిజ్రీ సంవత్సరం 354 లేదా 355 రోజులు. ఇంగ్లిష్ లెక్కలో ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. పైగా నెల మొదలయ్యేది లెక్కతో కాదు, కంటితో చూసి. ముందురోజు రాత్రి దాకా తేదీ ఖరారు కాని కార్యక్రమాన్ని ఏ గడిలో రాస్తారు? ఒకరోజు అటూ ఇటూ కావొచ్చని వినేవాడికి చెప్పే వెబ్‌సైట్ కావాలి. నాలుగొందల ఏళ్లుగా ఈ షహర్ అలాగే నడిచింది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఖర్చా సంగతి చూడండి. దర్గాలో టికెట్ ఉండదు, నజ్రానా ఉంటుంది. ఖవ్వాల్ చౌకీ కూర్చుంటుంది, ఖౌల్‌తో మొదలుపెడుతుంది, రంగ్‌తో ముగిస్తుంది. రెండూ అమీర్ ఖుస్రో పేరుతో నడుస్తున్న రివాజులు. ఖుస్రో పోయింది 1325లో అని గుర్తుంచుకుంటే ఈ రివాజు వయసెంతో తెలుస్తుంది. వినేవాడికి మనసు కదిలితే లేచి వెళ్లి నోటు ఇస్తాడు. అదబ్ తెలిసిన మహెఫిల్‌లో ఆ నోటు తిన్నగా ఖవ్వాల్ చేతికి పోదు. ముందు సదర్‌గా కూర్చున్న పీర్ సాహెబ్ చేతికి వెళ్తుంది, అక్కడినుంచి ఖవ్వాల్ ముందుకు. నువ్వు పాటగాడిని కొనుక్కోవడం లేదు, పీర్ పేరున ఇస్తున్నావు అని గుర్తుచేయడానికే ఆ వంకర దారి. పదిరూపాయలిచ్చినవాడికీ వెయ్యిచ్చినవాడికీ పాట ఒక్కటే. ఏమీ ఇవ్వనివాడికీ అదే పాట. లేనివాడి భాగం ఉన్నవాడు కడతాడు, ఎవరిది ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు.

అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ లాంటి ఖవ్వాల్ ఈ రివాజు నుంచే వచ్చారు. 1971లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మనవళ్లు నజీర్, నసీర్ వార్సీ సోదరులు ఇవాళ్టికీ పాడుతున్నారు, సంగీత నాటక అకాడమీ అవార్డూ అందుకున్నారు. వాళ్ల పాటను స్టార్ హోటల్‌లో వినడానికి వేలు పోసేవాళ్లున్నారు. దర్గా గచ్చు మీద చెప్పులు విడిచి కూర్చుని విన్నవాళ్లూ ఉన్నారు. గొంతు ఒక్కటే, ఖర్చా లెక్క వేరు.

శ్రీరామనవమి పందిట్లో షేక్ సాహెబ్

ముఫ్త్‌గా పాట వినడం మన దర్గాల సొత్తే అనుకుంటే పొరపాటు. కోస్తా వైపు వెళ్తే అదే పని గుడి చేసింది. అక్కడ వాయించినవాళ్లలో మనవాళ్లు ఎంతోమంది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరం పట్టుకుని శ్రీరంగం దాకా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఆ మరుసటి ఏడే కాలం చేశారు. గుళ్లో నాదస్వరం వాయిస్తుంటే వినడానికి ఎవరికీ టికెట్ అక్కర్లేదు. దేవుడు ఊరేగుతున్నాడంటే వెనకాల సంగీతం వస్తున్నట్టే. అక్కడ ఖబర్ పంచాంగానిది. ఖర్చా దేవుడి మాన్యానిది, లేదా ఊరి చందాది.

షేక్ నాజర్ కథ ఇంకో తీరు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు, 1920. దూదేకుల బిడ్డ. బుర్రకథను పల్లె గుడ్డిదీపాల దగ్గర్నుంచి ఎత్తి వేల జనం ముందు నిలబెట్టారు. మధ్యలో తంబురాతో కథకుడు, ఇటు హాస్యం చెప్పే వంత, అటు రాజకీయం చెప్పే వంత. ప్రజానాట్యమండలితో తిరిగారు, పల్నాటి యుద్ధం చెప్పారు, బొబ్బిలి కథ చెప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. ఆయన కథ చెబుతున్న రాత్రి ఊళ్లో ఇళ్లకు గొళ్లెం పెట్టేసి అందరూ బయల్దేరేవాళ్లని పాతవాళ్లు చెబుతారు. ఖబర్ ఇచ్చింది దండోరా. ఖర్చా పెట్టింది ఊరు, లేదా పార్టీ. వడ్లు ఉన్నవాడు వడ్లిచ్చాడు, పైసలున్నవాడు పైసలిచ్చాడు, ఏమీ లేనివాడు పందిరికి తాటాకులు మోశాడు.

హైదరాబాద్‌లో మర్ఫా కూడా ఇలాంటిదే. నిజాం ఫౌజ్‌లో ఆఫ్రికన్ గుర్రపు దళం ఉండేది. ఆ దళం పేరుతోనే ఏసీ గార్డ్స్ బస్తీ వచ్చింది. యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు బార్కాస్‌లో ఉన్నారు. వీళ్లిద్దరి దరువు కలిసి షాదీల్లో బారాత్ ముందు నడిచింది. పెళ్లివాడు డబ్బు కడతాడు, గల్లీ గల్లీ ముఫ్త్‌గా వింటుంది. ఈ షహర్‌లో పుట్టిన పిల్లాడు జీవితంలో వినే మొదటి లైవ్ సంగీతం మర్ఫాయే అయ్యుంటుంది. దాన్ని ‘కార్యక్రమం’ అని ఏ పత్రికా రాయలేదు.

బొగ్గుల దుకాణం మీద కచేరీ

టికెట్ ఎక్కడ పుట్టింది మరి? ఇది కూడా తెలుసుకోవాలి.

లండన్‌లో జాన్ బానిస్టర్ అని ఒక వయొలిన్ ఉస్తాద్ ఉండేవాడు. ఇంగ్లండ్ రాజుగారి వాద్యబృందంలో పనిచేశాడు. 1672 డిసెంబర్‌లో తన ఇంట్లోనే కచేరీలు మొదలుపెట్టాడు. ఒక షిల్లింగ్ కట్టినవాడెవడైనా లోపలికి రావచ్చు. ఆ సంగతి లండన్ గెజిట్ పత్రికలో ఇష్తెహార్‌గా వేయించాడు. నన్ను ఆపేసిన ముచ్చట అదే. టికెట్టూ, పత్రికలో ప్రకటనా ఒకే కడుపున పుట్టాయి. అమ్మేవాడికే చాటింపు అవసరం. అమ్మనివాడికి దానితో పని లేదు.

ఆరేళ్లకు, 1678లో, అదే షహర్‌లో థామస్ బ్రిటన్ అనే బొగ్గుల వ్యాపారి దుకాణం పైన ఉన్న అటక మీద మహెఫిల్ పెట్టాడు. పగలు బొగ్గుల సంచి భుజాన వేసుకుని వీధుల్లో తిరిగి అమ్మేవాడు, సాయంత్రం సంగీతం. బయటి నుంచి ఇరుకు మెట్లు ఎక్కి పైకి పోవాలి. మొదట్లో పైసా తీసుకోలేదు, తర్వాత ఏడాదికి పది షిల్లింగులు. పెద్ద పెద్ద దొరలు, దొరసానులు ఆ మెట్లెక్కారు. 1714లో అతను చనిపోయేదాకా నడిచింది. ఇద్దరిలో బానిస్టర్ టికెట్‌ను నేర్పాడు. బ్రిటన్ తోడును నేర్పాడు. జునైద్ చెప్పిన ఇఖ్వాన్ ఆ అటక మీద కూర్చుని ఉన్నారనిపిస్తుంది నాకు.

తర్వాతి మూడొందల ఏళ్లలో బానిస్టర్ దారే లోకమంతా పరుచుకుంది. అయినా మధ్యమధ్య ఎవరో ఒకరు ధర కిందికి లాగుతూనే వచ్చారు. 1895లో లండన్‌లోనే ప్రామ్స్ కచేరీలు మొదలయ్యాయి. ఒక షిల్లింగ్ ఇచ్చి నిలబడి వినొచ్చు. రెండొందల ఏళ్ల కిందటి బానిస్టర్ ధర అది, అప్పటికి షిల్లింగ్ విలువ ఎంతో పడిపోయింది కూడా. నిలబడే ఓపిక ఉన్న గరీబ్‌కు జాగా ఉందన్నమాట.

రేడియో తనఖ్వా

మన షహర్‌కు తిరిగొద్దాం. దర్బార్ ఆఖరి రోజుల్లో పోషణ ఎంత సన్నని దారం మీద వేలాడిందో ఒక సంఘటన చెబుతుంది. పండిత్ మోతీరామ్ 1934లో హైదరాబాద్ వచ్చారు, నిజాం దర్బార్ గాయకుడిగా నియామకం కోసం. ఆ నియామకం జరగాల్సిన రోజే ఆయన ప్రాణం పోయింది. కొడుక్కి అప్పుడు నాలుగేళ్లు. ఆ కొడుకే పండిత్ జస్రాజ్. తండ్రి మట్టి ఈ షహర్‌లో కలిసిందని జస్రాజ్ 1970ల నుంచి ఏటా ఇక్కడికి వచ్చి తండ్రి పేరున, అన్న మణిరామ్ పేరున ఉత్సవం జరిపారు. దేశంలో పేరున్న ఉస్తాద్‌లు, పండిత్‌లు వచ్చి పాడతారు. ప్రవేశానికి టికెట్ లేదు. ఇది కూడా ఒకరకమైన ఉర్సే.

దర్బార్ చేయి సన్నబడుతున్నప్పుడు రేడియో వచ్చింది. 1935లో నిజాం హుకూమత్ దక్కన్ రేడియోను తన చేతికి తీసుకుంది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఒక్క దెబ్బకు రెండు సవాళ్లకూ జవాబు దొరికింది. పాడేవాడికి ఖర్చా సర్కార్ తనఖ్వాగా ఇచ్చింది. ఖబర్ రేడియో తనకు తానే చెప్పుకుంది. ఒక సితార్ ఉస్తాద్, ఒక సారంగీ ఉస్తాద్ నెల మొదట్లో జీతం తీసుకుని కిరాణా బాకీ తీర్చడం ఇక్కడ కొత్త సంగతి. కానీ వినేవాడు ఇంట్లో, పాడేవాడు గాజు గదిలో. మకాన్ రెండు ముక్కలైంది. వాహ్ అన్నది పాడేవాడి చెవికి చేరలేదు.

బడే గులాం అలీ ఖాన్ సాహెబ్ ఆఖరి రోజులు గడిపింది ఇక్కడే. బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో, ఒక నవాబ్ మెహమాన్‌గా. 1968లో అక్కడే కన్నుమూశారు. మీర్ మోమిన్ దాయిరాలో ఖననం చేశారు. బషీర్‌బాగ్‌లో ఒక రోడ్డుకు ఆయన పేరు ఉంది. రోజూ వేలమంది ఆ రోడ్డు మీద సిగ్నల్ కోసం ఆగుతారు. పాతకాలపు అమీర్ ఇంట్లో పెద్ద ఉస్తాద్ మెహమాన్‌గా ఉండటం అనే రివాజుకు చివరి పేజీ అదే అనుకుంటాను.

నగరంలో నేడు

ఇక పత్రికల వంతు. ఈ ముచ్చట నేను చూసి చెబుతున్నది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఒక తెలుగు పత్రిక సిటీ డెస్క్‌లో చేరాను. కొత్తగా చేరినవాడికి ఇచ్చే పని ‘నగరంలో నేడు’. ఫలానా చోట, ఫలానా టైముకు, ఫలానా కార్యక్రమం అని రెండేసి లైన్లు. ఇష్తెహార్ కాదు కాబట్టి పైసా తీసుకోరు. పోస్ట్‌కార్డ్‌లు వచ్చేవి, ఫ్యాక్స్‌లు వచ్చేవి, మనిషే వచ్చి చిట్టీ చేతిలో పెట్టి ‘‘అన్నా, జర చూడు’’ అని వెళ్లేవాడు. రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ, ఇంకా గుళ్లు, గ్రంథాలయాలు. జేబులో బస్ పాస్ తప్ప ఏమీ లేని స్టూడెంట్ ఆ కాలమ్ చూసుకుని సాయంత్రం ఎక్కడికో ఒక చోటికి పోగలిగేవాడు. ఇవాళ మా భాంజీ కట్టాలనుకుంటున్న వెబ్‌సైట్ అదే. కాగితం మీద ఉండేది, అంతే తేడా.

ఆ కాలమ్‌లో ఒక ఉసూల్ ఉండేది. జాగా చాలకపోతే ముందు కోసేది పాడేవాడి పేరు. ముఖ్య అతిథి పేరు ఉండాల్సిందే. ‘సాయంత్రం 6కు గజల్ కార్యక్రమం, ముఖ్య అతిథి మంత్రివర్యులు’ అని ఉండేది. గజల్ ఎవరు పాడతారో ఉండేది కాదు. విఠల్ రావు గారి లాంటి గజల్ ఉస్తాద్, నిజాం దర్బార్ చూసిన గొంతు, ఈ షహర్‌లో ఎన్ని సాయంత్రాలు పేరు లేకుండా ‘గజల్ కార్యక్రమం’గా ఉండిపోయారో. 2015లో ఆయన పోయారు.

ఉర్దూ మీడియంలో చదివి వచ్చినవాణ్ని కాబట్టి డెస్క్ మీద తెలుగు పత్రికల పక్కన ‘సియాసత్’ కూడా పెట్టుకునేవాణ్ని. అందులోనూ ఇలాంటి చిన్న అక్షరాల ఖబర్లు ఉండేవి. ఫలానా దర్గాలో ఉర్సు, ఫలానా రోజు సందల్, మహెఫిల్-ఎ-సమా, చౌకీ ఎవరిది అన్న సంగతితో సహా. రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే షహర్, ఒకే సాయంత్రం. ఒక్క లైను కూడా కలిసేది కాదు. చిక్కడపల్లి కచేరీ మొగల్‌పురాకు తెలియదు. పహాడీ షరీఫ్ ఉర్సు సికింద్రాబాద్‌కు తెలియదు. దుష్మనీ ఏమీ లేదు. చిట్టీ ఎవరి డెస్క్‌కు చేరాలో దానికే చేరేది, లిపి దగ్గర ఆగిపోయేది. అప్పుడప్పుడు నేను సియాసత్‌లోని ఒక ఉర్సు ఖబర్‌ను తెలుగు చేసి నా కాలమ్‌లో ఇరికించేవాణ్ని. మరునాడు ఎవరో ఫోన్ చేసి ‘‘ఆ దర్గాకు ఏ బస్సు పోతుంది సార్?’’ అని అడిగేవారు. ఇరవై ఏళ్ల పత్రికా జీవితంలో నేను రాసిన పెద్ద వార్తల కన్నా ఆ ఫోన్‌లే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

తర్వాత పేజీలు తగ్గాయి, జాగా ఖరీదైంది. పైసా రాని లైన్లు ముందు పోతాయి కదా. ఇప్పుడు టికెట్ అమ్మే యాప్‌లు వచ్చాయి. వాటి రాబడి టికెట్‌లో వాటా. టికెట్ లేని కచేరీ వాటికి కనబడదు. బానిస్టర్ నాటి లెక్కే మళ్లీ వచ్చింది. ముఫ్త్ సంగీతానికి చాటింపు వేస్తే లాభపడేవాడు ఎవడూ లేడు. అందుకే అది పోలేదు కానీ కనబడకుండా పోయింది. ఈలోగా 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ తెరుచుకుంది. ఒక ఇంటినే అందరి జాగాగా మార్చారు. చవక చాయ్, చవక సమోసా, చాలా సాయంత్రాలు తక్కువ ధరకో ముఫ్త్‌కో పాటలు. లామకాన్ అంటే జాగా లేనిది అని అర్థం. జాగా లేనివాళ్లకు జాగా అయింది కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

గడుల సంగతి

ఇంత చరిత్ర చెప్పాక పిల్లలు నన్ను సూటిగా అడిగారు. ‘‘సరే మామూ, మేం ఏం చేయాలి?’’

నేను చెప్పినవి ఇవి. మొదటిది, పాడేవాడి పేరు లేకుండా ఏ లైనూ ఎక్కించొద్దు. ముఖ్య అతిథి పేరు లేకపోయినా ఫర్వాలేదు. రెండోది, ‘ప్రవేశం ఉచితం’ అని రాసి ఊరుకోవద్దు. వినేవాడికి ముఫ్త్ అయితే అవ్వనీ, పాడేవాడికి ఎవరు ఇస్తున్నారో కూడా రాయాలి. సంస్థ ఇస్తుందా, సర్కార్ ఇస్తుందా, నజ్రానాయేనా? నజ్రానా మీదే బతికే చౌకీ దగ్గరికి ‘ముఫ్త్’ అన్న మాట చూసి రెండొందల మంది వచ్చి, ఫోన్‌లో వీడియో తీసుకుని లేచిపోతే, ఆ రాత్రి హార్మోనియం వాయించినవాడు ఆటో ఖర్చుకు అప్పు చేయాలి. చవక సంగీతం అంటే సంగీతకారుణ్ని చవక చేయడం కాదు.

మూడోది, ఔరత్‌లు ఎక్కడ కూర్చుంటారో రాయాలి. చాలామంది అడగలేక ఇంట్లో ఉండిపోతారు. నాలుగోది, ఎప్పటికి ముగుస్తుందో రాయాలి. పాత మహెఫిళ్లు ఫజ్ర్ దాకా నడిచేవి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా సర్కార్ అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. ముసలివాళ్ల నిద్ర, పిల్లల పరీక్షలు చూస్తే నిబంధన న్యాయమైనదే. కానీ పదింటికి ఆగిపోయే ఖవ్వాలీలో రంగ్ దాకా ఎన్నిసార్లు చేరుతారో ఖవ్వాల్‌లనే అడగాలి.

ఐదో మాట దగ్గర మాకు గట్టి బహస్ జరిగింది. ఏది ఎక్కించకూడదు? మొహర్రంలో నోహా, మర్సియా ఉంటాయి. చెవికి రాగంలాగే వినబడతాయి. కానీ అది గమ్, అజాదారీ. దాన్ని ‘లైవ్ మ్యూజిక్’ అన్న తలకింద పెడితే వాళ్ల మనసు విరిగిపోతుంది. ఇళ్లలో ఔరత్‌ల మిలాద్ ఉంటుంది, అది వాళ్ల సొంతం. దర్గా సమా కొందరికి ఇబాదత్, కొందరు ఆలిమ్‌లకు అసలు నాజాయిజ్. అడగకుండా మనం దాన్ని తమాషా చేయకూడదు. ముతవల్లీనో సజ్జాదానో అడిగి, సరే అంటేనే రాయాలి అన్నాను.

భాంజీ ఒప్పుకోలేదు. ‘‘మీరు చెప్పినట్టు అందరినీ అడిగి రాస్తే, అడగగలిగేంత పెద్ద దర్గాలే మిగులుతాయి మామూ. చిన్న చౌకీ వాళ్లు, ఏసీ గార్డ్స్ మర్ఫా పిల్లలు, వాళ్ల తరఫున సరే అనడానికి ఎవరున్నారు? మన అదబ్ కోసం వాళ్ల రోజీ పోవాలా?’’ అంది. జవాబు వెంటనే దొరకలేదు. చివరికి తనే దారి చెప్పింది. జాగా వాళ్లనే కాదు, పాడేవాళ్లను కూడా అడుగుదాం. పాడేవాడు తన పేరు, తన నంబర్, తాను ఎక్కడెక్కడ పాడతాడో తానే ఇస్తే రాద్దాం. ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా, రెండు లిపుల్లోనూ పెడదాం. దర్గాకు, ఆర్టిస్ట్‌కు మధ్య మాట తేడా వస్తే? ‘‘అప్పుడు దర్గా మాటే’’ అన్నాను నేను. ‘‘అప్పుడు చూద్దాం’’ అంది తను. ఈ బహస్ ఇంకా తేలలేదు. తేలకపోవడమే మంచిదేమో, ప్రతిసారీ అడుగుతూ ఉంటారు.

ఇఖ్వాన్‌కు మాత్రం గడి కుదర్లేదు. తోడును ఏ కంప్యూటర్ ఇవ్వగలదు? దాని బదులు ప్రతి మహెఫిల్ కింద ‘అదబ్’ అని ఒక లైను పెట్టారు. చెప్పులు ఎక్కడ విడవాలి, తల కప్పుకోవాలా, మధ్యలో లేవొచ్చా, ఫోన్ తీయొచ్చా అన్నవి అందులో ఉంటాయి. ముక్కూమొహం తెలియనివాడిని కొంచెమైనా ఇఖ్వాన్‌గా మార్చే లైను అది.

నమూనా పేజీ మీద వాళ్లు మొదట ఎక్కించింది నాంపల్లి జుమ్మేరాత్. తేదీ గడిలో ‘ప్రతి జుమ్మేరాత్’ అని ఉంది. టికెట్ గడి ఖాళీగా ఉంది. కింద అదబ్ లైనులో, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, ఇలా రాశారు: జేబులో పదిరూపాయల నోట్లు నాలుగు పెట్టుకుని రండి.